పాత స్విమ్మింగ్ పూల్‌: పైన ఎపాక్సీతో సరిపోతుందా, మొత్తం చెక్కించాలా?

అపార్ట్‌మెంట్ సెక్రటరీ, మియాపూర్:
మా అపార్ట్‌మెంట్ కట్టి 25 ఏళ్లు దాటింది. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న కాంక్రీట్ పూల్. టైల్స్ లేవు, నీలం రంగు వేసి ఉంది. ఈ మే నెలలో ఈత కొట్టి వచ్చిన పిల్లల అరికాళ్లకు నీలం పొడి అంటుకుంటోంది. మెట్ల దగ్గర పెచ్చులూడి ఒక పాపకు మోకాలు గీరుకుపోయింది. ఒక కాంట్రాక్టరు మొత్తం చెక్కి టైల్స్ వేయాలంటున్నారు. ఇంకొకాయన పాత రంగు మీదే ఎపాక్సీ (రెండు రసాయనాలు కలిపి వేసే గట్టి రంగు) రెండు పూతలు వేస్తే చాలంటున్నారు. కమిటీ రెండుగా చీలింది. అందరి డబ్బు కదా, టెన్షన్‌గా ఉంది.

సైట్ ఇంజినీర్, హైదరాబాద్:
మొత్తం చెక్కించండి సార్. రంగు కింద ఉన్నది తెల్ల సిమెంట్, చలువరాతి పొడి కలిపి పూసిన ప్లాస్టర్ అయి ఉంటుంది. దాని ఆయుష్షు మామూలుగా 10 నుంచి 15 ఏళ్లు. ఒకచోట అతుకు వేస్తే వచ్చే ఏడాది పక్కన ఊడుతుంది. మీ పూల్ సగటు లోతు 1.3 మీటర్లనుకున్నా 65 వేల లీటర్లు. ప్రతిసారీ పారబోసి, 5 వేల లీటర్ల ట్యాంకర్లు 13 తెప్పించుకోవాలి. ఒక్కసారే బాధ పడండి.

ఫ్రిస్కో, టెక్సస్ నుంచి:
అసలు ఆ రంగు ఏ రకమో తేలకుండా ఎవరి మాటా వినకండి. మేం కొన్న ఇంట్లో పాత పూల్ ఉంది. పైన ఎపాక్సీ వేయించాను. ఏడాది తిరక్కుండానే అప్పడాల్లా లేచిపోయింది, కింద ఉన్నది క్లోరినేటెడ్ రబ్బర్ పెయింట్. దాని మీద ఎపాక్సీ నిలవదు.

తెలుసుకోవడం తేలికే. నీటిమట్టానికి పైన ఊడిన రంగు పెచ్చులు కొన్ని తీసుకోండి. ఒకటి మెడికల్ షాపు స్పిరిట్‌లో (ఆల్కహాల్) వేయండి, మెత్తబడితే అక్రిలిక్. ఇంకోటి జైలీన్‌లో (రంగుల్ని కరిగించే ద్రావకం) వేయండి, కరిగితే రబ్బర్. రెండింటికీ లొంగకపోతే ఎపాక్సీ అనుకోవచ్చు. చేతులకు గ్లౌజులు ఉండాలి, గాలి ఆడే చోట చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

మేస్త్రీ పని చేసేవాణ్ణి, బెజవాడ:
ఇంజినీర్ గారూ, గట్టిగా ఉన్న ప్లాస్టర్‌ని ఎందుకు కొట్టడం? పెద్ద బ్రేకర్ పెడితే బాగున్న కాంక్రీట్ కూడా అదిరి బీటలిస్తుంది. నేనైతే చిన్న సుత్తితో జానెడుకో దెబ్బ వేసుకుంటూ పోతాను. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే ప్లాస్టర్ కాంక్రీట్‌ని వదిలేసిందన్నమాట, అక్కడ చాక్‌పీస్‌తో గీత గీస్తాను. ఆ గీతల లోపలిదే చెక్కాలి. అంచు పల్చగా వదిలితే అక్కడి నుంచే లేస్తుంది, అందుకే కట్టర్‌తో నిటారుగా కోయాలి.

తుప్పు మరక కనిపిస్తే మాత్రం కథ వేరు. కాంక్రీట్ లోపలి ఇనుప చువ్వ తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీట్‌ని బయటికి తోస్తుంది. చువ్వ చుట్టూ తవ్వి, తుప్పు పూర్తిగా గీకి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో మూయాలి. ఆ మరక మీద ఏ రంగూ ఆగదు.

సైట్ ఇంజినీర్:
సుత్తి పరీక్ష మంచిదే, ఒప్పుకుంటాను. డొల్ల నాలుగో వంతు దాటితే నా మాట మీదే ఉంటాను, అన్ని అతుకుల మధ్య ఏదో ఒక అంచు కారుతుంది.

సెక్రటరీ గారూ, ఖాళీ చేసేదేదో వానలు రాకముందే చేయండి. భూమిలో నీళ్లు పైకొచ్చాక ఖాళీ పూల్ పడవలాంటిది. పూల్ అడుగుభాగం కంటే ఒక్క మీటరు ఎత్తున ఊట నీరు నిలిస్తే ప్రతి చదరపు మీటరునూ టన్ను బరువుతో పైకి తోస్తుంది. అడుగు పగిలిందంటే ఇక ప్లాస్టర్ గురించి మాట్లాడే పని ఉండదు.

ఫ్రిస్కో నుంచి:
నీళ్లు కూడా పరీక్ష చేయించండి. పీహెచ్ (నీటి ఆమ్లత కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 7.2 కంటే తగ్గితే సిమెంట్‌ని తినేస్తుంది. కొత్త ప్లాస్టర్‌కీ అదే గతి.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ, మియాపూర్:
అందరికీ ధన్యవాదాలండి. మొన్న పూల్ ఖాళీ చేయించాం. పెచ్చు జైలీన్‌లో నిమిషాల్లో కరిగి నీలం జిగురైంది, అంటే రబ్బరే. ఎపాక్సీ కొటేషన్ పక్కన పెట్టేశాం. సుత్తితో నేనూ, వాచ్‌మన్ అన్నా పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మొత్తం కొట్టి చూశాం. మెట్లు, తక్కువ లోతు వైపు మూల డొల్ల. మిగతాదంతా ఖంగుమంటోంది. తుప్పు మరక ఒక్కటే, అరచేయంత, మూడో మెట్టు కింద. పీహెచ్ 6.8 ఉందట, ఇన్నాళ్లూ ఎవరం చూడలేదు.

మెట్లు, మూల చెక్కించి, చువ్వ బాగుచేయించి, మిగతాచోట గీకి రబ్బర్ పెయింటే వేయాలని ఆదివారం మీటింగ్‌లో పెడుతున్నాను. మేస్త్రీ గారూ, కొత్త ప్లాస్టర్ మీద రంగు ఎన్ని రోజులకు వేయొచ్చు?

మేస్త్రీ, బెజవాడ:
28 రోజులు ఆగండి. ఆ తర్వాత కూడా మూరెడు ప్లాస్టిక్ కవర్ నాలుగు వైపులా టేప్‌తో అతికించి, రాత్రంతా ఉంచండి. తెల్లారి కవర్ లోపల చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి. పిల్లలు అడుగుతారని తొందరపడకండి.