జనాకర్షక నాయకుడి మాటను మాధ్యమం మారుస్తుందా?

కృష్ణాతీరం:
ప్రజల పేరుతో పాలకులపై ధ్వజమెత్తే నాయకులు వేదికను బట్టి మాట మారుస్తారన్న వాదనను నేను అంగీకరించను. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించిన ఎన్.టి. రామారావు తన ప్రచార వ్యాను చైతన్యరథం మీద చెప్పినా, పత్రికలతో చెప్పినా ఢిల్లీ పెద్దలు తెలుగువారి ఆత్మగౌరవాన్ని కించపరిచారనే చెప్పారు. అయిదేళ్లలో కాంగ్రెస్ నలుగురిని ముఖ్యమంత్రి పీఠంపై కూర్చోబెట్టడమూ, బేగంపేట విమానాశ్రయంలో అప్పటి ముఖ్యమంత్రి అంజయ్యకు రాజీవ్ గాంధీ చేతిలో జరిగిన అవమానమూ జనం మనసులో పచ్చిగా ఉన్నాయి కనుక ఆ మాట నాటుకుంది. కిలో రెండు రూపాయల బియ్యం హామీకి మైకైతేనేం, అచ్చయితేనేం?

పాతపేపరు:
కృష్ణాతీరం గారూ, హామీ ఒక్కటే కావచ్చు గానీ అది జనానికి చేరిన తీరు ఒక్కటి కాదు. ఖాకీ దుస్తుల్లో పాత షెవర్లే వ్యాను పైకెక్కి, ఎదుట నిలిచిన స్త్రీలను ఆడపడుచులని పిలిచినప్పుడు ఆయన వారికి అన్నగారయ్యారు. మర్నాడు ‘ఈనాడు’ తెరిచిన పాఠకుడికి అదే సభ రాష్ట్రమంతా కదులుతోందన్న వార్తగా కనిపించింది. ఆకాశవాణి, దూరదర్శన్ రెండూ కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉన్న ఆ రోజుల్లో, తొమ్మిది నెలల్లోనే 294 స్థానాల్లో 200కు పైగా గెలిచిన పార్టీకి ఈ రెండో పని ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. (వెండితెర రాముడి, కృష్ణుడి సంగతి ఎత్తితే చర్చ ఇప్పట్లో తెమలదు.) 1995లో పదవి పోయి, పత్రిక అండ కూడా లేనప్పుడు ఆయన ‘జామాతా దశమగ్రహం’ (అల్లుడు పదో గ్రహం) అనే ప్రసంగ కేసెట్‌ను ఆశ్రయించారు. అందులో గురి ఢిల్లీ మీద కాదు, సొంత అల్లుడు చంద్రబాబు నాయుడి మీద.

కృష్ణాతీరం:
గురి మారింది పరిస్థితి వల్ల, కేసెట్ వల్ల కాదు. వంచకుడొకరు, వంచితులైన ప్రజల పక్షాన తానొక్కడు అనే కథ 1982లోనూ అదే, 1995లోనూ అదే.

గోదావరిగట్టు:
పరిస్థితిని పక్కనపెట్టాలంటే ఒకే కాలంలో ఒకే నాయకుడు రెండు చోట్ల మాట్లాడిన తీరును పోల్చాలి. 2014 అక్టోబరు 3న ఆకాశవాణిలో మొదలైన ‘మన్ కీ బాత్’లో నరేంద్ర మోదీ పరిశుభ్రత, ఖాదీ, విద్యార్థుల పరీక్షల వంటి విషయాలను ఇంట్లో పెద్దవాడిలా ముచ్చటిస్తారు, ప్రత్యర్థి పార్టీల జోలికి దాదాపు పోరు, ఎన్నికల సభలో అదే వ్యక్తి ప్రత్యర్థులను సూటిగా దెప్పిపొడుస్తారు. 2019లోనూ 2024లోనూ ఎన్నికల వేళ ఆ కార్యక్రమాన్ని ఆపారంటే, పార్టీ ఊసు లేకపోయినా దాని రాజకీయ ప్రభావం ఎవరికీ తెలియనిది కాదన్నమాట. కృష్ణాతీరం గారు చెప్పే కథ రెండు చోట్లా ఒకటే అనుకున్నా, అందులో ప్రజల పాత్ర మాత్రం ఒకటి కాదు. సభలో జనం కేకలు వేయవచ్చు, నచ్చకపోతే లేచి వెళ్లిపోవచ్చు. రేడియోలో శ్రోతలు రాసిన ఉత్తరాల్లో ఏది చదవాలో, ఏది పక్కన పెట్టాలో నిర్ణయించేది మాట్లాడేవారి పక్షమే.