‘క్రిస్మస్ సినిమా’కి విగ్రహవాక్యం ఏమిటి?

విజయనగరం (ప్రశ్న):
డిసెంబరు చివరి వారంలో ఒక గ్రంథాలయంలో నాలుగు ఇంగ్లీషు సినిమాలు వేస్తున్నారు. ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ (1946), ‘మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్’ (1947), ‘డై హార్డ్’ (1988), ‘హోమ్ అలోన్’ (1990). కరపత్రం తెలుగులో వెయ్యాలి. పైన ‘క్రిస్మస్ సినిమాలు’ అని పెడితే చదివినవాళ్ళు ‘ఈ క్రిస్మస్‌కి రిలీజైనవా?’ అంటున్నారు. పైగా ‘డై హార్డ్’ అసలు క్రిస్మస్ సినిమాయే కాదని ఒక పక్షం. ఈ సమాసాన్ని ఎలా విడదీయాలి, అంటే దీని విగ్రహవాక్యం ఏమిటి, కరపత్రం మీద ఏమని రాయాలి?

బొబ్బిలి (తెలుగు పంతులు):
విభక్తులు వరసగా వేసి చూడండి, తగాదా ఎక్కడుందో తేలిపోతుంది.

క్రిస్మస్ గురించి సినిమా: ద్వితీయ. అంటే పండగే కథావస్తువు. పశువుల పాక, నక్షత్రం, జ్ఞానులు, ఆ కథ. ఇలా పట్టుబడితే మీ నాలుగింటిలో ఒక్కటీ నిలవదు.

క్రిస్మస్ కొరకు సినిమా: చతుర్థి. పండగ బజారు కోసం తీసి, పండగకి వదిలినది.

క్రిస్మస్ వలన సినిమా: పంచమి. పండగ లేకపోతే కథే లేదు.

క్రిస్మస్‌లో సినిమా: ‘లో’ షష్ఠి కిందే వస్తుంది. కథ ఆ రోజుల్లో జరుగుతుంది, అంతే.

ఇంగ్లీషువాళ్ళ వాదమంతా పంచమికీ షష్ఠికీ మధ్య. మనవాళ్ళు మాట వినగానే చతుర్థికి వెళ్ళిపోతున్నారు. ఎందుకంటే ‘సంక్రాంతి సినిమా’ మన చెవికి అలా అలవాటైంది. ‘అల వైకుంఠపురములో’ 2020 జనవరి 12న వచ్చింది. పుట్టినప్పుడు మారిపోయిన ఇద్దరు పిల్లల కథ అది. సంక్రాంతి వల్ల అందులో జరిగేదేమీ లేదు. అయినా అది సంక్రాంతి సినిమా కాదన్నవాడు లేడు.

టెక్కలి:
మాస్టారూ, మా పక్క మాటలో సమాసమే ఉండదండీ. ‘పెద్దపండక్కొచ్చీ సినిమా’ అంటారు. ‘వచ్చీ’ అని క్రియ బయటికి కనిపిస్తానే ఉంటాది. ‘సంక్రాంతి సినిమా’ అన్నది పేపరోళ్ళు, పోస్టర్లోళ్ళు కుదించిన మాట.

శ్రీకాకుళం (అనువాదకురాలు):
టెక్కలి బాబు అన్నదే అసలు తాళంచెవి. మాస్టారూ, ఇక్కడ విభక్తి ఒక్కటీ చాలదు. ‘క్రిస్మస్‌కి వచ్చే సినిమా’, ‘క్రిస్మస్‌కి చూసే సినిమా’. రెండింటిలోనూ ‘కి’నే, అర్థాలు వేరు. తేడా తెచ్చేది మధ్యలో జారిపోయిన మాట. కాబట్టి దీన్ని తత్పురుషంగా (విభక్తితో విడదీసే సమాసంగా) కాక మధ్యమపదలోపిగా (నడిమి మాట జారిన సమాసంగా) చూడాలి. ఛాయాతరువు అంటే ఛాయను ‘ఇచ్చే’ తరువు అయినట్టు.

జారిన మాట ‘వచ్చే’ అయితే మన వాడుక. ‘జరిగే’ అయితే ‘డై హార్డ్’ క్రిస్మస్ సినిమాయే అనే పక్షం వాళ్ళ వాడుక. ‘చూసే’ అయితే, నా లెక్కన ఇంగ్లీషు మాటకి అసలు అర్థం అదే.

విడుదల తేదీ అక్కడ లెక్కలోకి రాదనడానికి మీ జాబితాయే రుజువు. ‘మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్’ 1947 వేసవిలో విడుదలైంది. ఎండాకాలంలో జనం హాళ్ళకి ఎక్కువ వస్తారని స్టూడియో లెక్క. అందుకని ప్రచారంలో పండగ ఊసే ఎత్తలేదు. ‘డై హార్డ్’ 1988 జూలైలో వచ్చింది. సంక్రాంతి కొలతతో కొలిస్తే అది ఆషాఢం సినిమా.

పాలకొండ:
‘దసరా సినిమా’ అన్నా ఇదే చిక్కు. దసరాకి వచ్చినదా, ‘దసరా’ అనే పేరున్నదా? ఆ పేరుతో 2023లో వచ్చిన సినిమా విడుదలైంది మార్చి 30న, శ్రీరామనవమి నాడు. పేరైతే సంభావనా పూర్వపద కర్మధారయం, మామిడి అనే పేరుగల చెట్టు మామిడిచెట్టు అయినట్టు. ఒకే రెండు మాటలు, రెండు సమాసాలు.

బొబ్బిలి:
మధ్యమపదలోపి ఒప్పుకున్నాను. అయితే ‘జరిగే’ అన్న అర్థాన్ని అంత తేలిగ్గా వదలకండి. దానికి పనికొచ్చే పరీక్ష ఒకటుంది. కథలోంచి పండగని పీకేసి ఇంకో సెలవు పెట్టండి. ఏం కూలిందో చూడండి.

‘మిరకిల్’ పూర్తిగా కూలుతుంది. దుకాణంలో శాంతాక్లాజు వేషం కట్టినాయన తానే నిజం శాంతానంటాడు, సంగతి కోర్టుకెక్కుతుంది, తపాలావాళ్ళు శాంతా పేర వచ్చిన ఉత్తరాల మూటలు తెచ్చి జడ్జి బల్ల మీద కుమ్మరిస్తారు. పండగ తీస్తే కేసే లేదు.

‘హోమ్ అలోన్’ సగమే కూలుతుంది. కుటుంబమంతా పారిస్ వెళ్తూ ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి ఇంట్లో మర్చిపోవడం ఏ ఎండాకాలం సెలవుల్లోనైనా జరగొచ్చు. వీధి ఖాళీ అయితే దొంగలు పడటం ఎప్పుడైనా ఉన్నదే. పండగ తీస్తే పోయేవి రెండు: రద్దీలో తల్లికి తిరుగు టిక్కెట్టు దొరక్కపోవడం, చర్చిలో పక్కింటి ముసలాయనతో పిల్లాడి మాటలు.

‘డై హార్డ్’ కూడా సగమే. న్యూయార్కు పోలీసు లాస్ ఏంజెలెస్ వెళ్ళేది పండగకి పెళ్ళాంబిడ్డల దగ్గర గడపడానికి. అంత పెద్ద మేడలో ముప్ఫయ్యో అంతస్తులో మాత్రమే మనుషులుండేది ఆఫీసు పండగ విందు వల్ల. దొంగలు ఆ రాత్రి ఎంచుకున్నదీ అందుకే. చివర తుపాకీని వీపుకి అంటించుకున్న టేపు కూడా పండగ టేపే. ఖజానా తలుపు సంగతి, గాజుపెంకుల మీద ఒట్టికాళ్ళ నడక, వీటికి పండగతో పని లేదు.

అంటే ఈ పరీక్షలో ‘డై హార్డ్’కీ ‘హోమ్ అలోన్’కీ దాదాపు ఒకే మార్కులు. అయినా ‘హోమ్ అలోన్’ని కాదన్నవాడు లేడు. మరి గొడవ దేని మీద? రసం మీద. ‘డై హార్డ్’లో అంగిరసం (ముఖ్యరసం) వీరం. పండగంటే హాస్యమో కరుణో ఉండాలని ఒక పట్టింపు. చిన్నపిల్లాడు తాడుకి కట్టిన పెయింటు డబ్బాలతో దొంగల మొహాలు పచ్చడి చేస్తే హాస్యం కాబట్టి చెల్లిపోయింది. 2018లో ఒక వేదిక మీద ‘డై హార్డ్’ హీరో బ్రూస్ విల్లిసే అది క్రిస్మస్ సినిమా కాదన్నాడు. నటుడి మాట ప్రమాణమా అంటే, కాదు.

శ్రీకాకుళం:
పరీక్ష బాగుంది మాస్టారూ, కానీ జాబితాలో మొదటిది దానికి లొంగదు. ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’లో కథకి చట్రం 1945 క్రిస్మస్ ముందురోజు. మధ్యలో ఎక్కువ భాగం 1919 నుంచి కథానాయకుడి బతుకు. అతని సంస్థ డబ్బు 8,000 డాలర్లు పోవడం ఏ రోజైనా జరగొచ్చు. అయినా అమెరికాలో క్రిస్మస్ సినిమా అనగానే ముందు చెప్పే పేర్లలో అదొకటి.

కారణం కథలో లేదు, కాపీరైటులో ఉంది. అప్పటి చట్టం ప్రకారం మొదటి గడువు 28 ఏళ్ళు, తర్వాత దరఖాస్తు పెట్టి పొడిగించుకోవాలి. 1974లో ఆ పొడిగింపు జరగలేదు. టీవీ స్టేషన్లకి రుసుము లేకుండా దొరికింది, ఏటా డిసెంబరులో మళ్ళీ మళ్ళీ వేశారు. హాళ్ళలో డబ్బు సరిగా రాబట్టని సినిమా ఇళ్ళలో పండగ సినిమా అయి కూర్చుంది. 1990లలో హక్కులు మళ్ళీ బిగిసే నాటికి అలవాటు ముదిరిపోయింది.

ఇది యోగరూఢి. అవయవార్థం (విడి ముక్కల అర్థం) కొంత ఉంది, మిగతాది వాడుక ఇచ్చింది. బురదలో పుట్టినవన్నీ పంకజాలు కావు కదా. అందుకే జారిన మాట ‘చూసే’ అంటున్నాను.

పాలకొండ:
‘హాలిడే ఇన్’ (1942) సంగతి? సెలవు రోజుల్లో మాత్రమే తెరిచే హోటలు కథ, ఏడాదిలో పండగలన్నీ ఉంటాయి. ‘వైట్ క్రిస్మస్’ పాట అందులోది కాబట్టి క్రిస్మస్ సినిమా అంటారు. మాస్టారి వరసలో తృతీయ ఖాళీగా ఉంది, ‘పాటతో’ క్రిస్మస్ సినిమా అనొచ్చా?

బొబ్బిలి:
ప్రత్యయం తగిలింది పాటకి, క్రిస్మస్‌కి కాదు. దొంగ తృతీయ!

టెక్కలి:
మరి మన సినిమాల్లో రెండు అర్థాలూ కుదిరింది ఏదన్నా ఉందా? పండక్కొచ్చీది, పండగ వల్లే కథ నడిచీది?

శ్రీకాకుళం:
‘శతమానం భవతి’. 2017 జనవరి 14న వచ్చింది. విదేశాల్లో ఉన్న పిల్లల్ని సంక్రాంతికి ఊరికి రప్పించడం మీదే కథంతా. మాస్టారి పరీక్షలో నెగ్గుతుంది, మీ ‘పండక్కొచ్చీ’లోనూ నెగ్గుతుంది. 2025 జనవరి 14న వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ అయితే విభక్తినీ క్రియనీ పేరులోనే పెట్టేసుకుంది. విగ్రహవాక్యమే పేరైన సినిమా.

తిరగేసి చూస్తే, ‘శ్యామ్ సింగ రాయ్’ 2021 డిసెంబరు 24న వచ్చింది. బెంగాలు, దేవదాసి, పునర్జన్మ. మన పేపర్లకి అది క్రిస్మస్ సినిమా. అమెరికావాడికి ఎన్ని జన్మలెత్తినా కాదు.

పాలకొండ:
చర్చికి వెళ్ళేవాళ్ళని అడిగితే ముందు ‘కరుణామయుడు’ (1978) అంటారు. అది ‘గురించి’ కింద వస్తుందా?

బొబ్బిలి:
క్రీస్తు గురించి వస్తుంది, క్రిస్మస్ గురించి కాదు. పుట్టుక అందులో ఒక ఘట్టం. శిలువ దాకా ఉంది కాబట్టి గుడ్ ఫ్రైడేకీ వేసుకోవచ్చు. దాన్ని ‘ఏసు సినిమా’ అనడమే జనం వాడుక, అదే సరైనది. కరపత్రంలో ఈ రెండు రకాలూ కలపకండి. భక్తి సినిమా అనుకుని పెద్దవాళ్ళు కూర్చున్నాక తెర మీద బ్రూస్ విల్లిస్ బూతులు వినపడతాయి.

విజయనగరం:
అందరికీ దండాలు. ఇలా రాశాను, చూడండి:
‘క్రిస్మస్ చిత్రాలు – గ్రంథాలయంలో నాలుగు రోజులు’

శ్రీకాకుళం:
‘చిత్రాలు’ వద్దు. గ్రంథాలయం అన్న మాట పక్కనుంటే పిల్లల బొమ్మల పోటీ అనుకుంటారు. ‘సినిమాలు’ అనే ఉంచండి. ‘క్రిస్మస్ నేపథ్య చిత్రాలు’ అని ఎవరైనా దిద్దితే ఒప్పుకోకండి. అర్థం తప్పు కాదు గానీ, గోడ మీద ఎవరూ రెండోసారి చదవరు.

జారిన మాటని బయటికి తెచ్చేయండి: ‘క్రిస్మస్‌కి చూసే సినిమాలు’. రిలీజు అనుమానం పోతుంది, ‘డై హార్డ్’ పక్షాలు రెండూ నోరు మూసుకుంటాయి. ఒక్కో సినిమా కింద ఏడాది, నిడివి తప్పక రాయండి. ఏడాది చూడగానే పాతవని తెలిసిపోతుంది. నిడివులు వరసగా సుమారు 130, 96, 132, 103 నిమిషాలు. ‘డై హార్డ్’ కింద ‘పెద్దలకు మాత్రమే’ అని వెయ్యండి. అమెరికాలో దానికి ఇచ్చిన రేటింగు ప్రకారం పదిహేడేళ్ళ లోపువాళ్ళ పక్కన పెద్దవాళ్ళు ఉండాలి. పిల్లలొచ్చే పూట ‘హోమ్ అలోన్’ వేసుకోండి.

టెక్కలి:
‘క్రిస్మస్‌కి సూసీ సినిమాలు’ అని ఎయ్యండి, గిడుగు వారి జిల్లా పక్కనే కదా మీరు.

బొబ్బిలి:
గోడ మీద వేసినా తప్పేం లేదు. ఇక ‘కి’యా ‘కు’వా అని ఎలాగూ ఎవరో ఒకరు లేస్తారు కాబట్టి ముందే చెప్తాను. వ్యాకరణం ప్రకారం ఇకారాంతం మీదే ‘కు’ అన్నది ‘కి’ అవుతుంది: సంక్రాంతికి, భోగికి. దసరా, క్రిస్మసు లాంటివాటి మీద ‘కు’ ఉండాలి. మన నోట అన్నిటికీ ‘కి’నే. కరపత్రానికి నోటి మాట చాలు.

అసలు ప్రమాదం టైపింగులో ఉంది. ఫోన్‌లో ‘స్’ తర్వాత నేరుగా ‘కి’ కొడితే రెండూ అతుక్కుని ‘క్రిస్మస్కి’ అవుతుంది. పొల్లు తర్వాత విడదీసే గుర్తు పెట్టాలి. అది మీ కీబోర్డులో లేకపోతే, ఉన్నా ప్రెస్సువాళ్ళ పాత ఫాంటులోకి మార్చినప్పుడు ఎగిరిపోతుంటే, ‘క్రిస్మసుకి’ అని అచ్చు చేర్చి రాసెయ్యండి. తెలుగు మాట అచ్చుతో ముగియడం తప్పు కాదు, పైగా ఏ ఫాంటులోనూ చెడదు.

విజయనగరం:
‘క్రిస్మసుకి చూసే సినిమాలు’. ప్రెస్సుకి పంపుతున్నాను.