రంగులు మారే ఉన్నితో శాలువా, పట్టీలు సన్నబడిపోతున్నాయి

ప్రశ్న: మెల్లగా రంగు మారే ఉన్ని దారంతో త్రికోణం శాలువా అల్లుతున్నాను, మెడ దగ్గర మధ్యలో మొదలుపెట్టి కిందికి. మొదట్లో ఒక్కో రంగు వెడల్పుగా వచ్చింది, ఇప్పుడేమో కొన్ని వరసలకే మారిపోతోంది. దారంలో లోపమా?

జవాబు 1: దారం బాగానే ఉందండీ. ప్రతి రంగుకీ ఉన్న పొడవు దాదాపు ఒకటే, కానీ కుట్లు పెరిగేకొద్దీ ఒక్కో వరసకి ఎక్కువ దారం పడుతుంది కాబట్టి పట్టీ సన్నబడక తప్పదు. ఉండ సగం అయ్యేసరికే శాలువా లోతు దాదాపు 70 శాతం వచ్చేస్తుంది, మిగతా సగమంతా ఆ చివరి 30 శాతానికే పోతుంది. అంచుకి ఏ రంగు రావాలో ముందే అనుకుని, దాన్ని బట్టి ఉండని లోపలి కొస నుంచో బయటి కొస నుంచో మొదలుపెట్టాలి.

జవాబు 2: పట్టీలు సమానంగా కావాలంటే పొడవాటి స్టోల్ (మొదటి నుంచి చివరిదాకా ఒకే వెడల్పుండే శాలువా) అల్లండి. ఈ దారానికి గార్టర్ స్టిచ్చే (ప్రతి వరసా నిట్ కుట్టుతోనే అల్లే సాదా అల్లిక) అందం, లేస్ (రంధ్రాల డిజైన్) ఎక్కువైతే రంగూ కనబడదు, డిజైనూ కనబడదు.

ప్రశ్న అడిగినవారు: అర్థమైంది, థాంక్సండీ! రెండో ఉండ కలపాలంటే?

జవాబు 1: మొదటిది ఏ రంగు దగ్గర ఆగిందో రెండోదాంట్లో ఆ రంగు వెతికి అక్కడ కలపండి. మామూలు ఉన్ని అయితే కొసలు తడిపి అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే అతుక్కుంటాయి, ముడి అక్కర్లేదు. సూపర్‌వాష్ ఉన్ని (మెషీన్‌లో ఉతికినా ముద్దకట్టకుండా శుద్ధి చేసింది) మాత్రం అలా అతుక్కోదు.