అప్‌డేట్: నల్లగొండలో మ్యూజిక్ క్లబ్ లెక్క తేలింది

గడియారం సెంటర్ దగ్గర ఒక బిల్డింగు టెర్రస్ అద్దెకు తీసుకుని, వారానికి మూడు రాత్రులు లైవ్ పాటల క్లబ్ నడిపితే లాభం వస్తుందా అని మార్చిలో ఇక్కడ అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్.

"అడ్వాన్స్ కట్టకముందే నాలుగు శనివారాలు చిన్న హాలులో టికెట్ పెట్టి చూడన్నా" అన్న సలహానే నన్ను కాపాడింది. టికెట్ 150 రూపాయలు. మొదటి వారం 84 మంది వచ్చారు, కానీ సగం మంది మా చుట్టాలు, దోస్తులే. నాలుగో వారానికి 31 మందే మిగిలారు. హాలు, సౌండ్ సెట్టు, కళాకారుల డబ్బులు రావాలంటేనే 70 మంది కావాలి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పైగా పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లో కీబోర్డు, తబలా వాళ్లు దొరకరు. ఇది నేను అసలు ఊహించలేదు.

మా సీఏ పట్టుకున్నది ఇంకా పెద్ద తప్పు. నేను రాత్రి 12 దాకా ఆదాయం లెక్కేశాను. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటితే ఓపెన్ టెర్రస్ మీద స్పీకర్లు పెట్టకూడదు. సినిమా పాటలకు కాపీరైట్ లైసెన్సు ఫీజు కూడా నా లెక్కలో లేదు.

జనం హైదరాబాద్ పోతారన్న భయం మాత్రం నిజం కాలేదు. వచ్చినవాళ్లను అడిగాను, పాటల కోసం ఎవరూ అంత దూరం పోవడం లేదు.

టెర్రస్ వదిలేశాను. ఇప్పుడు అదే హాలులో నెలకొక శనివారం, రాత్రి 10 లోపే ముగిస్తున్నాను. మొన్న 76 మంది వచ్చారు.