తొమోయె కెన్‌షిన్‌ని క్షమించిందా, లేదా? (స్పాయిలర్లు ఉన్నాయి)

గోదారి_గట్టు:
చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథంతా చెప్పేస్తున్నా. ‘సమురాయ్ ఎక్స్: ట్రస్ట్ అండ్ బిట్రేయల్’ మళ్లీ చూశా. 1999లో నాలుగు భాగాల ఓవీఏగా (నేరుగా వీడియోలో వదిలే జపాన్ యానిమేషన్) వచ్చింది, తర్వాత అన్నీ కలిపి ఒకే సినిమాగా వదిలారు. 1864లో క్యోటో. షోగన్ (సైనిక పాలకుడు) ప్రభుత్వాన్ని దించాలనుకునే చోషూ అనే వర్గం వాళ్ల కోసం రాత్రిపూట మనుషుల్ని నరికే కుర్రాడు కెన్‌షిన్. వాడి చేతిలో పోయినవాళ్లలో కియొసాతో ఒకడు. పెళ్లి కుదిరి ఉంది. ఆ పెళ్లికూతురు తొమోయె పగతో వచ్చి కెన్‌షిన్ పక్కన చేరి, చివరికి వాడినే ప్రేమిస్తుంది. మంచులో జరిగే ఆఖరి పోరులో చూపూ వినికిడీ సరిగ్గా పనిచేయక వాడు గుడ్డిగా కత్తి వేస్తే, మధ్యలోకి వచ్చి ఆ వేటుకే పోతుంది. ప్రాణం పోతూ చురకత్తితో వాడి చెంప మీద గీస్తుంది. కియొసాతో తను పోయేముందు పెట్టిన గాటు మీదుగా అడ్డంగా పడి అది ఇంటూ గుర్తవుతుంది. నా లెక్కలో అది క్షమించడమే. ఇంతకన్నా అందంగా క్షమించడం ఏ సినిమాలోనూ చూడలేదు. మీరేమంటారు?

లాస్ట్_బెంచ్_రాజు:
నేను ఏడ్చాను. అంతే. ఇంకేం అనను.

నల్గొండ_నవీన్:
మ్యూజిక్ మాత్రం మామూలుగా లేదు, ఇవసాకి తాకు. మధ్యలో వాళ్లిద్దరూ కలిసి బతికే ఓత్సు పల్లెటూరి భాగం కొంచెం సాగింది అన్నా.

వెన్నెల_కె:
గట్టు గారూ, క్షమించిందని సినిమాలో ఎవరు చెప్పారు? తొమోయె చెప్పలేదు. ఆవిడ నోట్లోంచి ఆ మాట రాదు. చచ్చేముందు ఒక మనిషి ఇంకో మనిషి మొహం మీద కత్తితో గీస్తే, మీరు దాన్ని దీవెన కింద రాసేసుకుంటున్నారు. నాకైతే అది ‘నన్నూ, ఆయన్నీ అద్దంలో చూసినప్పుడల్లా గుర్తుచేసుకో’ అన్నట్టే ఉంది.

చరిత్ర_పిచ్చోడు:
చిన్న సవరణ. కెన్‌షిన్ సమురాయ్ కుటుంబంలో పుట్టినవాడు కాదు. బానిసల్ని అమ్మేవాళ్ల చేతుల్లో పడిన అనాథ షింతా. ఆ పేరు మార్చింది గురువు హికో. ‘సమురాయ్ ఎక్స్’ అనేది బయటి దేశాల్లో అమ్ముకోవడానికి తగిలించిన పేరు. ఈ పాత్రకి మోడల్ కవాకామి గెన్సాయ్ అనే నిజమైన హంతకుడు. 1864లోనే సకుమా షోజాన్ అనే పండితుణ్ని క్యోటోలో పట్టపగలు చంపాడు. తర్వాత అతనికి షోగన్‌ని దించి వచ్చిన మెయిజీ ప్రభుత్వమే మరణశిక్ష వేసింది. అతని చెంప మీద ఏ గుర్తూ లేదు, క్షమించడానికి ఏ తొమోయె కూడా రాలేదు.

గోదారి_గట్టు:
వెన్నెల గారూ, సినిమాలో ఒక నమ్మకం గురించి చెప్తారు, గుర్తుందా? పగతో పెట్టిన గాయం ఆ పగ తీరేదాకా మానదట. అందుకే మొదటి గాటు ఎప్పుడో పెట్టినదైనా మళ్లీ మళ్లీ నెత్తురు కారుతూ ఉంటుంది. తొమోయె దాని మీద గీశాక ఇక కారదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కియొసాతో తరఫున కూడా ఆవిడే లెక్క తేల్చేసింది.

వెన్నెల_కె:
పగ తీరితే మచ్చ పోవాలి కదా? పోలేదే! 2001లో దీనికి కొనసాగింపుగా వచ్చిన ‘రిఫ్లెక్షన్’లో కెన్‌షిన్ ముసలితనం రాకుండానే జబ్బుతో పోయేదాకా అది అలాగే ఉంటుంది. తర్వాత పెళ్లాడిన కావోరు ఒళ్లో తల పెట్టి కన్నుమూశాకే ఆ గుర్తు మాయమవుతుంది. అంటే ఆ బాకీ తీరడానికి వాడి జీవితమంతా పట్టింది. మీరేమో మంచులోనే తీర్చేశారు.

గోదారి_గట్టు:
‘రిఫ్లెక్షన్’ని లెక్కలోకి తేకండి. అసలు కథ ఉన్న మాంగాలో (జపాన్ బొమ్మల కథ) అలాంటి ముగింపే లేదు.

వెన్నెల_కె:
మాంగానే కావాలా? సరే. రచయిత వట్సుకి మాంగాలో తొమోయె కావాలని గీయదు. చేతిలోంచి ఎగిరిన చురకత్తి వెళ్లి చెంపకి తగులుతుంది. దర్శకుడు ఫురుహాషి దాన్ని మార్చి, వణికే చేత్తో ఆవిడే గీసేలా చేశాడు. అనుకోకుండా తగిలినదాన్ని కావాలని చేసిన పనిగా మార్చాడంటే ఆవిడకి ఏదో చెప్పాల్సింది ఉందనే కదా.

గోదారి_గట్టు:
నేను చెప్పేదీ అదే! కావాలని చేసింది కాబట్టే అది క్షమించడం. పొరపాటున తగిలితే క్షమ ఎక్కడిది?

లాస్ట్_బెంచ్_రాజు:
ఒకే సీన్, ఇద్దరికీ సాక్ష్యం. సుప్రీంకోర్టుకి వెళ్లండి 😂

శ్రావణి_మెలకువ:
ఆ సీన్ ఇప్పుడే పాజ్ చేసి చూశా. గీసేటప్పుడు తొమోయె మొహంలో కోపం లేదు. చిన్న నవ్వులాంటిది ఉంది. నా ఓటు గట్టు గారికి.

వెన్నెల_కె:
నవ్వితే క్షమించినట్టేనా? మా ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు. చెప్పొద్దనుకున్నా గానీ చెప్తాను. మా పెద్దమ్మ కూతురికి పెళ్లి నిశ్చయమయ్యాక, కాబోయే బావని ఒక కారు గుద్దేసింది. నడిపిన కుర్రాడు చదువుకుంటున్నాడు, పెద్దింటివాడు. తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, నాటకం కాదు. ‘పాపం వాడి భవిష్యత్తు, పోయినవాడు ఎలాగూ రాడు’ అని పెద్దమనుషులంతా ఒక్కటయ్యారు. మా అక్క కాఫీ కప్పులు తెచ్చి పెట్టింది. ఎవరో ‘పిల్ల మనసు వెన్న’ అన్నారు. ఆ రోజు తనని ఒక్కరూ ఏమీ అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. కాబట్టి ‘ఎంత అందంగా క్షమించిందో’ అని మీరంటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నల్గొండ_నవీన్:
అక్కా, సారీ. చాలా బాధేసింది.

గోదారి_గట్టు:
మీ అక్కగారి విషయం విని బాధగా ఉంది. కానీ దాన్ని తెచ్చి ఈ సినిమాకి అంటించడం న్యాయం కాదు. నేనూ చెప్తా వినండి. మా నాన్నకీ బాబాయికీ పొలం గట్టు దగ్గర గొడవ. గట్టు జరిపాడని ఒకరు, జరపలేదని ఇంకొకరు. మా నాన్న పోతే బాబాయి చివరిచూపుకి కూడా రాలేదు. ఊళ్లోనే ఉండి, మా వీధి వైపే రాలేదు. క్షమించకపోతే మనుషులు ఎలా తయారవుతారో ఇంట్లోనే చూశాను. అందుకే తొమోయె నాకు దేవతలా కనిపిస్తుంది.

వెన్నెల_కె:
మీ గొడవ గట్టు గురించి. మాది శవం గురించి. రెండూ ఒకటేనా?

గోదారి_గట్టు:
అంటే మీ దుఃఖమే దుఃఖం, మాది గట్టు తగాదా? ఇలా మాట్లాడేవాళ్లతో సినిమా గురించి ఏం మాట్లాడతాం!

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇళ్ల విషయాలు పక్కన పెట్టి సినిమా మీదకి రండి. ఇంకోసారైతే థ్రెడ్‌కి తాళం వేస్తాను.

చరిత్ర_పిచ్చోడు:
సినిమా మీదే ఒక మాట. తొమోయె పోయాక కెన్‌షిన్ కత్తి వదిలేశాడని చాలామంది అనుకుంటారు. వదల్లేదు. 1868 జనవరిలో షోగన్ సైన్యంతో జరిగిన తోబా-ఫుషిమి యుద్ధం దాకా అదే పక్షం కోసం పోరాడుతూనే ఉన్నాడు. కత్తి పక్కన పెట్టింది గెలుపు ఖాయమయ్యాకే.

గోదారి_గట్టు:
తొమోయె ప్రాణం వృథా కాకూడదంటే కొత్త కాలం రావాలి, అందుకు పోరాడాడు. హికో మాట గుర్తుచేసుకోండి. వసంతంలో పూలు, వేసవిలో చుక్కలు, శరత్తులో చంద్రుడు, చలికాలంలో మంచు, సాకే (జపాన్ బియ్యపు సారా) రుచించడానికి ఇవి చాలట. అయినా రుచించకపోతే తేడా మనలోనే ఉందట. క్యోటోలో కెన్‌షిన్‌కి తాగిందల్లా నెత్తురు రుచే. ఓత్సులో తొమోయె పక్కన ఆ రుచి తిరిగొస్తుంది. ఒక రాక్షసుణ్ని ఆవిడ మనిషిని చేసింది. ఈ సినిమా అదే కదా!

వెన్నెల_కె:
ఎవరి పక్కన కూర్చుని తాగితే ఆ రుచి తిరిగొచ్చింది? తను చంపినవాడి పెళ్లికూతురి పక్కన. వాడికి తెలియదు, సరే. మీకు తెలుసు కదా? మీరెలా ఆనందిస్తున్నారు?

శ్రావణి_మెలకువ:
వెన్నెల గారూ, మరి ఈ సినిమా మీకు నచ్చలేదా?

వెన్నెల_కె:
చాలా నచ్చింది. అదే నా గొడవ. కెన్‌షిన్ కూర్చునే నిద్రపోతుంటే కప్పుదామని ఆవిడ శాలువా పట్టుకుని దగ్గరికి వెళ్తుంది. వాడు ఉలిక్కిపడి లేచి మెడ మీద కత్తి పెడతాడు. తేరుకుని ఆవిణ్ని పక్కకి తోసేసి, తనని చూసి తనే భయపడతాడు. ఆ సీన్‌లో మనమంతా వాడి కోసం అయ్యో అంటాం. నేనూ అన్నాను. కత్తి ఉన్నది ఆవిడ మెడ మీద! సినిమా అంత బాగా తీశారు కాబట్టే మనకి అది కనపడదు.

గోదారి_గట్టు:
ఇది కెన్‌షిన్ కథ కాబట్టి వాడి కోసమే అంటాం. చంపినవాడికి కూడా ఒక దారి ఉండాలి కదండీ. లేకపోతే మా బాబాయిలా మిగిలిపోతాడు. ఆయనా ఇప్పుడు ఒంటరే. పోయిన సంక్రాంతికి మా అమ్మే గిన్నెలో పాయసం పంపింది, అదీ నాకు చెప్పకుండా. నాకు వాళ్లింటికి వెళ్లాలంటే కాలు రాదు. క్షమించడం నాకు చేతకాదు, అందుకే చేయగలిగినవాళ్లని చూస్తే అలా అనిపిస్తుంది.

వెన్నెల_కె:
దారి ఉండొద్దని నేను అన్లేదు. ఆ దారి ప్రతిసారీ ఒక ఆడదాని శవం మీదుగానే ఎందుకు వేస్తారు అంటున్నా. మీ అమ్మగారు పాయసం పంపారు, బతికుండి, తనంతట తనే. తొమోయెకి ఆ వీలు ఇవ్వలేదు. ఆవిడ బతికి ఉంటే ఏం చేసేదో చెప్పే ధైర్యం కథకి లేదు. బతికితే ఒకరోజు కూరగాయలు తరుగుతూ మళ్లీ కోపం రావచ్చు కదా? చనిపోతే మాత్రం ఎప్పటికీ క్షమించినట్టే.

నల్గొండ_నవీన్:
ఇదేదో నిజంగా ఆలోచించాల్సిన పాయింటే.

గోదారి_గట్టు:
కోపం వచ్చినా ఉండిపోయేదని నా నమ్మకం. మీరు వెళ్లిపోయేదంటారు. ఇక్కడ మనం కలవం.

వెన్నెల_కె:
వెళ్లిపోయేదని కూడా అనలేదు. ఆవిణ్ని అడగండి అంటున్నా.

లాస్ట్_బెంచ్_రాజు:
2021లో నటులతో తీసిన లైవ్ యాక్షన్ ‘ది బిగినింగ్’ చూశారా ఎవరైనా? కెన్‌షిన్‌గా సతో తకెరు చేశాడు. అదీ ఈ కథే. ఈ వారం చూసి గీత సంగతి చెప్తా.

వెన్నెల_కె:
చూడండి. గీత సంగతి తర్వాత, ముందు కియొసాతోని చూడండి. యానిమేలో ఇప్పుడే చావలేనని పాకుతాడు, మళ్లీ మళ్లీ లేస్తాడు. ఇంత పెద్ద థ్రెడ్‌లో ఆ మనిషి గురించి ఎవరూ రెండు ముక్కలు రాయలేదు.