వార్ఫరిన్ వాడే అమ్మకు మోకాళ్ల నొప్పి: చైనా వైద్యంలో సూదులు లేని దారి ఉందా?

మేం సింగపూర్‌లో ఉంటాం. అమ్మకు 72 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. గుండె లయ తప్పుతోందని రోజూ రాత్రి 8 గంటలకు వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) వేసుకుంటుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పే పరీక్ష, ఐఎన్‌ఆర్, 2–3 మధ్య ఉండాలి. రక్తస్రావం భయంతో ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వద్దన్నారు. పారాసిటమాల్, వేడి కాపడం, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాయి. పగలు ఫర్వాలేదు గానీ, రాత్రి 2 గంటలప్పుడు నొప్పితో లేచి కూర్చుంటుంది. చూడలేకపోతున్నాం.

రిజిస్టర్డ్ చైనా వైద్యుడి దగ్గర ఆక్యుపంక్చర్ చేయించాం. ఆ రాత్రి హాయిగా పడుకుంది, కానీ సూది గుచ్చిన చోటల్లా నల్లగా కమిలింది. గుండె డాక్టర్ సూదులు ఆపమన్నారు. చర్మం మీద కప్పులు బోర్లించి పీల్చే కప్పింగ్‌తోనూ కమిలిపోతుంది కాబట్టి అదీ కుదరదు. పక్కింటి ఆంటీ ప్రేమగా డాంగ్ గుయ్ అనే చైనా మూలిక వేసిన సూప్ తెచ్చారు, ఇవ్వలేదు. డాంగ్ గుయ్, డాన్‌షెన్ (ఇదీ చైనా మూలికే) రెండూ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తెప్పించగలవు (వార్ఫరిన్ వాడే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇది తప్పక గుర్తుంచుకోండి).

ఇక మిగిలినవి మోక్సా, అంటే మాచిపత్రి జాతి ఆకు కాల్చి చర్మానికి తగలకుండా వేడి పట్టించడం; లేదంటే వేళ్లతో మెల్లగా నొక్కే ఆక్యుప్రెషర్. ఏది మొదలుపెట్టినా ముందు డాక్టర్‌ని అడిగే చేస్తాం.

వార్ఫరిన్ వాడుతున్న మీ పెద్దవాళ్లకు ఈ రెండింటిలో ఏది చేయిస్తే, కమలకుండా, రాత్రి మోకాళ్ల నొప్పి తగ్గింది?