‘సాహో’ మనకు అర్థం కాలేదా, మనకు చెప్పలేదా?

పెన్న గట్టు (నెల్లూరు):
సుజీత్ కొత్త సినిమా 2025లో వచ్చినప్పటి నుంచి, ఆయన అంతకుముందు తీసిన ‘సాహో’ను మనమందరం తొందరపడి తిట్టిపోశామనే మాట మళ్లీ వినిపిస్తోంది. నేను ఒప్పుకోను. ఇంకా చూడనివారు ఎవరైనా ఉంటే ఇక్కడితో ఆగండి, ముడులన్నీ విప్పే మాట్లాడతాను. 2019 ఆగస్టు 30న ఆ సినిమాతోనే సూళ్లూరుపేటలో 106 అడుగుల తెర ఉన్న కొత్త థియేటరు మొదలైంది. (అప్పటికి ఆ ఊరు మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాకు పోయింది.) మా నాయనను వెంటబెట్టుకుని అంత దూరం వెళ్లి చూశాను. తెరకు వంక పెట్టను, మది ఛాయాగ్రహణానికీ, సాబు సిరిల్ వేసిన సెట్లకూ వంక పెట్టను. నా అభ్యంతరం ఒక్కటే. మొదటి సగమంతా ప్రభాస్‌ను అశోక్ చక్రవర్తి అనే పోలీసు అధికారిగా చూపించి, విశ్రాంతి దగ్గరకు వచ్చేసరికి అతడే దొంగ అనీ, మనం దొంగ అనుకున్న నీల్ నితిన్ ముఖేషే అసలైన అశోక్ చక్రవర్తి అనీ చెప్పారు. దీన్ని మలుపు అంటున్నారు గానీ, నా దృష్టిలో ఇది ప్రేక్షకుడికి చేసిన మోసం.

ఒంగోలు డాబా:
గట్టు గారూ, నేను ఆ సినిమాను నాలుగుసార్లు చూశాను, కాబట్టి కొంచెం విడమరచి చెప్పనివ్వండి. ఆ మొదటి సగాన్ని మనం ఎక్కువగా ఎవరి పక్కన నిలబడి చూస్తున్నాం? శ్రద్ధా కపూర్ వేసిన అమృత అనే అధికారిణి పక్కన. ఆమె నమ్మింది, ఆమె తోటి పోలీసులు నమ్మారు, వాళ్లతోపాటు మనమూ నమ్మాం. కథలో ఉన్నవాళ్లే మోసపోయినప్పుడు కుర్చీలో కూర్చున్నవాడికి మాత్రం ముందే తెలియాలని కోరడం ఏ న్యాయం?

నేల టికెట్టు:
పాటలు తీసేస్తే కథకు ఇంకో అరగంట దొరికేది. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

పెన్న గట్టు:
‘మాయాబజార్’ను గుర్తు చేసుకోండి. 1957 నుంచి ఇప్పటిదాకా అందులో ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నాడని మనకు తెలుసు, లక్ష్మణకుమారుడికి తెలియదు. మోసపోయేది అతడు కాబట్టే మనం నవ్వుతాం. అక్కడ మనల్ని దర్శకుడు తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు, ఇక్కడ బయట నిలబెట్టారు.

ఒంగోలు డాబా:
హాస్యానికి ఒక పద్ధతి ఉంటుంది, నేర కథకు ఇంకో పద్ధతి ఉంటుంది. అపరాధ పరిశోధన నవలలు చదివి పెరిగిన తెలుగువాళ్లకు ఈ తేడా నేను చెప్పాలా?

షార్ దారి (సూళ్లూరుపేట):
2019 జూలై 22న చంద్రయాన్-2 మా ఊరి పక్కనుంచే ఎగిరింది. అది చంద్రుడి దాకా ఎలా వెళుతుందో మా బడి పిల్లలకు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పగలిగాను. నెల తిరిగాక వచ్చిన ఈ సినిమాలో ఆ నల్లపెట్టె ఎవరి చేతిలోనుంచి ఎవరి చేతికి పోయిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

ఒంగోలు డాబా:
నల్లపెట్టె గురించి ఇంత అయోమయం ఎందుకో నాకు తెలియడం లేదు. నేర సామ్రాజ్యానికి పెద్ద అయిన నరాంతక్ రాయ్ ముంబయిలో చనిపోతాడు. వాజీ నగరంలోని ఖజానా తెరవాలంటే ఆ పెట్టె కావాలి. రెండో సగమంతా దాని కోసమే. ఇది రెండు వాక్యాల్లో చెప్పగలిగిన కథ. మన వైపు జనం పాట రాగానే బయటకు వెళ్లి బజ్జీలు తిని, మధ్యలో ఫోనులో మాట్లాడి, తిరిగి వచ్చి ‘ఏమైందిరా’ అని పక్కవాడిని అడుగుతారు. ఆ తరువాత సినిమా అర్థం కాలేదంటారు. బి, సి సెంటర్ల, అంటే చిన్న ఊళ్ల ప్రేక్షకులను దృష్టిలో పెట్టుకునే ప్రతి సినిమా తీయాలంటే ఇక కొత్తదనం ఎక్కడినుంచి వస్తుంది?

పెన్న గట్టు:
ఈ మాట వస్తుందని నాకు తెలుసు. డాబా గారూ, మీరు చెప్పిన ఆ సి సెంటరులోనే, కావలి వైపు ఒక చిన్న థియేటరులో మా నాయన ముప్పై ఏళ్లు ఆపరేటరుగా పనిచేశాడు. కార్బన్ కడ్డీలు కాలేకొద్దీ సర్దుకుంటూ, రీలు మార్చే వేళ తప్పకుండా, క్యాబిన్ కంతలోనుంచి తెరను చూసినవాడు. ఆ కంతలోనుంచి వచ్చే మాటలను బట్టి ఏ సినిమా కథనైనా ఇంటికి వచ్చి మా అమ్మకు పూస గుచ్చినట్టు చెప్పేవాడు. ఆయన బజ్జీల కోసం లేవలేదు. దాదాపు మూడు గంటలు కదలకుండా కూర్చుని, నన్ను మూడుసార్లు అడిగాడు: ‘వీడు ఎవరి కొడుకురా?’ మూడోసారి అడిగినప్పుడు వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వూ మీ ఈ రాతా నాకు ఒక్కలాగే ఉన్నాయి.

నేల టికెట్టు:
అయ్యా, వ్యక్తిగతం వద్దు.

మూడో ఆట (కందుకూరు):
మీ ఇద్దరూ మలుపు గురించీ పెట్టె గురించీ ఇంతసేపు వాదించుకున్నారు గానీ, ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నలోనే అసలు విషయం ఉందని నాకు అనిపిస్తోంది. మన సినిమాల్లో ముఖమే సగం కథ చెబుతుంది. ఒక తెలిసిన నటుడు గుమ్మంలో కనిపించగానే, అతడు మేనమామా, మోసగాడా, చచ్చిపోబోయే మంచివాడా అన్నది మాట పలకకముందే మనకు తెలిసిపోతుంది. ‘సాహో’లో రాయ్‌గా జాకీ ష్రాఫ్, దేవరాజ్‌గా చంకీ పాండే, ఇంకా మహేష్ మంజ్రేకర్, నీల్ నితిన్ ముఖేష్, తమిళం నుంచి అరుణ్ విజయ్, మలయాళం నుంచి లాల్ ఉన్నారు. ముంబయి ప్రేక్షకుడికి ఆ ముఖాలలో చాలావాటితో ఎన్నో ఏళ్ల పరిచయం ఉంది. కందుకూరులో నా పక్కన కూర్చున్నవాడికి వాళ్లు కోటు వేసుకున్న ఆరుగురు కొత్త మనుషులు. కోట్లు కూడా ఒకే రకంగా ఉన్నాయి.

పెన్న గట్టు:
నేను ఇన్ని రాతల్లో చెప్పలేనిది మీరు ఒక్క పేరాలో చెప్పారు. అంటే ఆ సినిమా మొదట మాట్లాడింది మనతో కాదు.

ఒంగోలు డాబా:
మనతో కాకపోతే ఏమి? తెలుగులోనూ హిందీలోనూ తీసిన సినిమా అది, ఒక్క హిందీలోనే వంద కోట్లు దాటింది. నేను ఉత్తరాదిలో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. మన సినిమాల హిందీ అనువాదాలు టీవీలో వేస్తుంటే, ఎగిరే సుమోలను చూసి నా గదిలోవాళ్లు నవ్వేవారు, ఆ వెంటనే నా వైపు చూసేవారు. ‘సాహో’ విడుదలైన రోజు అదే మనుషులు నన్ను టికెట్లు దొరుకుతాయా అని అడిగారు. గట్టు గారూ, నవ్వు మీ ఒక్కరి వెనక వరసలోనే వినిపించలేదు. నెల్లూరు ఏరియా వసూళ్లు దాటి ఆలోచించవద్దని మీరంటే, నేను మళ్లీ ఆ గదిలోకే వెళ్లాలి.

పెన్న గట్టు:
దాటవద్దని నేను అనలేదు. గుమ్మం దాటేటప్పుడు ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లాలని అంటున్నాను.

షార్ దారి:
ఇంతకూ ఎవరు ఎవరి కొడుకో ఎవరైనా చెబుతారా? నిజంగానే అడుగుతున్నాను.

ఒంగోలు డాబా:
చెబుతాను. బి, సి సెంటర్లని నేను రాసిన వాక్యాన్ని కూడా వెనక్కి తీసుకుంటున్నాను. అది గట్టు గారి నాయనను ఉద్దేశించి రాసింది కాకపోయినా ఆయనకే తగిలింది. ఇక కొడుకుల సంగతి. పాత పెద్ద పృథ్వీరాజ్ కొడుకు దేవరాజ్. తండ్రి పీఠం రాయ్‌కు పోయిందన్నది అతడి కడుపుమంట. రాయ్ కొడుకునని వచ్చి కూర్చున్న విశ్వంక్, అంటే అరుణ్ విజయ్, నిజానికి రాయ్ నమ్మినబంటు ఇబ్రహీం కొడుకు. రాయ్ అసలు కొడుకు సాహో, అంటే ప్రభాస్. గట్టు గారూ, వీలైతే ఇది మీ నాయనకు చూపించండి.

పెన్న గట్టు:
ఈ నాలుగు వాక్యాల కాగితం థియేటరు గుమ్మం దగ్గర పంచవలసి వచ్చే సినిమాను ఏమనాలో ఇక మీరే చెప్పండి. అయినా అడిగారు కాబట్టి రాత్రి భోజనాల దగ్గర ఆయనకు చదివి వినిపించాను. జరిగింది జరిగినట్టు రాయడం న్యాయం గనుక రాస్తున్నాను. మీ వాదన గెలిచినట్టు మాత్రం దయచేసి భావించకండి. మా నాయన మజ్జిగ పోసుకుంటూ ఇలా అన్నాడు: ‘ఆ అరుణ్ విజయ్ రాయ్ కొడుకు కాదని నాకప్పుడే అనుమానం వచ్చిందిరా అబ్బయ్యా. మరి ఎవరి కొడుకా అనే గదా నిన్ను మూడుసార్లు అడిగింది. నువ్వు చెబితేనా!’